నూరుల్లా ఇంజను కట్టేసిన రోజు

జమ్మలమడుగు పాత బస్టాండు దగ్గర పది జీపులు వరసగా నిలబడి ఉంటే అందులో నూరుల్లాది ఏదో చెప్పడం చాలా తేలిక. తొమ్మిది జీపుల మూతులు గోడవైపు ఉంటాయి. ఒక్కదాని మూతి రోడ్డువైపు ఉంటుంది. పెళ్లికి పోయినా, మసీదుకు పోయినా, భార్య హసీనాను ఆస్పత్రికి తీసుకుపోయినా సరే, ముందు జీపును వెనక్కీ ముందుకీ తిప్పి, మూతి రోడ్డుకు పెట్టి, తాళంచెవి దానికే వదిలి, అప్పుడు దిగుతాడు. ఇంట్లో మంచం కూడా లేచీ లేవగానే వాకిట్లో పడేట్టు వేసుకుంటాడని హసీనా చుట్టాల దగ్గర చెప్పి నవ్వుతుంది. ఎగతాళి చేస్తోందని వాళ్లనుకుంటారు గానీ నిజంగానే అట్లా వేసుకుంటాడు.

ఈ అలవాట్లు పుట్టుకతో వచ్చినవి కావు. పదిహేనేళ్లు ఒక పెద్దాయన దగ్గర జీపు తోలితే వచ్చాయి. ముద్దనూరు నుంచి పులివెందులకు పోయే దారిలో ఒక ఊరికి ఆయన పెద్ద. పేరెందుకులెండి, ఆ రోజుల్లో ఊరికొక పెద్దాయన ఉండేవాడు, ఆయనకు ఎదురుగా ఇంకొకాయన ఉండేవాడు. ఈయన ఒక జెండా పట్టుకుంటే ఆయన రెండో జెండా పట్టుకునేవాడు. ఈయన జెండా మారిస్తే తెల్లారేసరికి ఆయనా మార్చేవాడు. అసలు ఎందుకు కొట్టుకుంటున్నారో రెండు పక్కల వాళ్లకీ సరిగ్గా గుర్తులేదు గానీ, ఎక్కడ కొట్టుకోవాలో మాత్రం బాగా తెలుసు. కల్వర్టుల దగ్గర.

కల్వర్టు దగ్గర రోడ్డు సన్నబడుతుంది, జీపు నెమ్మదిస్తుంది, నెమ్మదించిన జీపు మీద బాంబు వేయడం సులువు. అందుకని పెద్దాయన నూరుల్లాకు నేర్పిన చదువంతా నాలుగు ముక్కలు. కల్వర్టు మీద బండి ఆపకూడదు. ఎవరు చెయ్యెత్తినా, చివరికి ఆడమనిషి రోడ్డు మీద పడి ఉన్నా ఆపకూడదు. బండిలో మనిషి ఉన్నంతసేపూ ఇంజను కట్టేయకూడదు. వెనక కూర్చున్నవాళ్లు ఇనుప కమ్మీ మీద రెండుసార్లు తడితే ఎక్సిలేటరు అదిమిపెట్టి పోవాలి, వెనక ఏం జరుగుతోందో చూడకూడదు. ఈ చదువులో నూరుల్లాకు ఎప్పుడూ ఫస్టు క్లాసే. అందుకే పెద్దాయన బతికాడు, నూరుల్లా బతికాడు.

ఏసయ్య బతకలేదు.

ఏసయ్య రెండో జీపు డ్రైవరు. జమ్మలమడుగు మిషన్ కాంపౌండు వెనక ఉండే గంగమ్మ పెద్దకొడుకు. నూరుల్లా, ఏసయ్య ఇద్దరూ ప్రొద్దుటూరులో ఒకే లారీ షెడ్డులో క్లచ్చు తొక్కడం నేర్చుకున్నారు, ఒకే గ్లాసులో సగం సగం టీ తాగారు, పెద్దాయన దగ్గర కూడా ఒకే వారంలో చేరారు. పెద్దాయన ఏ జీపులో కూర్చుంటాడో ఎవరికీ తెలియకూడదని రెండు జీపులు ఎప్పుడూ ఒకదాని తోక పట్టుకుని ఒకటి పోయేవి. రెండింటి మధ్య ఎడం ఇంత కూడా పెరగకూడదు.

1989, ఎలక్షన్ల ఏడు. పొద్దున్నే ఏడు గంటలప్పుడు పులివెందుల వైపు పోతున్నారు. పెద్దాయన ఆ రోజు నూరుల్లా పక్కన కూర్చున్నాడు. రోడ్డు రెండు కొండల మధ్యకు దూరే చోట ఒక కల్వర్టు ఉంది. దాన్ని దాటాక నూరుల్లా అలవాటుగా అద్దంలో చూశాడు. రెండు జీపుల మధ్య ఎడం పెరుగుతోంది. ఏసయ్య జీపు ముందర ఏదో చిన్న జంతువు, మేకంత ఉంటుంది, ఒంటరిగా రోడ్డు దాటుతోంది. పరుగెత్తడం లేదు. ఒక్కొక్క కాలూ ఎత్తెత్తి, ఆగి, తల వంచి, మళ్లీ ఎత్తి, ముళ్ల మీద నడిచే మనిషి మాదిరి నడుస్తోంది. ఏసయ్య కల్వర్టు మీద జీపు ఆపేశాడు. ఆ తర్వాత పొగ. వెనకనుంచి కమ్మీ మీద రెండు తట్లు. నూరుల్లా కాలు ఎక్సిలేటరును అదిమింది. మళ్లీ అద్దంలో చూడలేదు.

రెండో జీపులో వెనక ఉన్న ముగ్గురూ దూకి దెబ్బలతో బయటపడ్డారు. టాపు గుడ్డ దించుకుని కూర్చున్నారు కాబట్టి వాళ్లకేమీ కనపడలేదు. "ఉన్నట్టుండి ఆపినాడు సార్, ఎందుకు ఆపినాడో తెలీదు" అన్నారు. ఆ సాయంత్రం నూరుల్లా తను చూసింది పెద్దాయనకు చెప్పాడు.

"మేకనా?" అన్నాడు పెద్దాయన. "ఆ కొండలో మేకలు యాడివిరా? కాసేటోడు లేకుండా ఒక్క మేక రోడ్డు మీదికి వస్తాదా? పదేండ్ల డ్రైవరు మేకను చూసి బండి ఆపుతాడా? వాడు అవతలోళ్లకు అమ్ముడుపోయినాడు. ఆపమన్న చోట ఆపినాడు, వాళ్లు వాన్ని గూడా లేపేసినారు. నువ్వు ఏమీ చూడలేదు. ఎవరడిగినా అదే మాట."

పోలీసులు అడిగారు. నేను ముందర చూసి తోలుతాండా సార్, వెనక ఏం జరిగిందో నాకు తెలీదు, అన్నాడు నూరుల్లా. ఏసయ్య పెట్టెను మిషన్ సమాధుల తోటకు తీసుకుపోయిన రోజు పెద్దాయన ఊరినుంచి ఒక్కరూ రాలేదు. నూరుల్లా కూడా పోలేదు. ఆ రోజంతా జీపు కింద పడుకుని, బాగానే ఉన్న సైలెన్సరును విప్పి మళ్లీ బిగించాడు. గంగమ్మను కొళాయి దగ్గర అమ్ముడుపోయినోని తల్లి అంటున్నారని హసీనా వచ్చి చెప్పినప్పుడు అన్నం ముందరనుంచి లేచిపోయాడు. అంతకుమించి ఏమీ చేయలేదు. సిగ్గుపడ్డాడు, సిగ్గుపడుతూనే బండి తోలాడు.

అయితే ఒక్క ప్రశ్న మాత్రం ఆయన్ను వదల్లేదు. ఆ మేక ఎందుకట్లా నడిచింది? మేకలు జీపును చూస్తే చెల్లాచెదరవుతాయి. గొర్రెలు గుంపుగా నిలబడిపోతాయి. జంతువేదైనా అట్లా, పెళ్లికూతురు పీటల మీదికి వచ్చినంత నిమ్మళంగా, రోడ్డు దాటడం ఆయన ఎక్కడా చూడలేదు. సంతలో మేకలు కనపడితే నిలబడి వాటి కాళ్లకేసి చూసేవాడు. బక్రీదుకు మేకను కొనడానికి పోయి, పండ్లు చూడకుండా నడిపించి చూస్తుంటే అమ్మేవాళ్లు నవ్వేవాళ్లు. ఏడాది గడిచి, అయిదేళ్లు గడిచి, అలాంటి నడక ఎక్కడా కనపడకపోయేసరికి, తన కళ్లమీద తనకే నమ్మకం పోయింది. నేనేమీ చూడలేదేమో, పెద్దాయన చెప్పిందే నిజమేమో అనుకోవడం మొదలుపెట్టాడు. అట్లా అనుకుంటే కొంచెం నిద్ర పట్టేది కూడా.

కత్తికీ బాంబుకూ దొరకని పెద్దాయన చివరికి షుగరు జబ్బుతో మంచంలోనే పోయాడు. కొడుకు కార్లలోకి మారి, పాత జీపును పాత డ్రైవరుకే వదిలేశాడు. 2001లో ఫారెస్టువాళ్లు పులివెందుల దాటాక వచ్చే కొండల్లో నెమలికోన దగ్గర పార్కు ఒకటి పెట్టి, ఊళ్లవాళ్లకు కొండనూ జంతువులనూ చూపిస్తామన్నారు. దానికి జీపు, డ్రైవరు కావాల్సి వచ్చాయి. నూరుల్లా పోయి నిలబడ్డాడు. కొండదారి మీద ఆయనకంటే బాగా బండి తోలేవాడు మూడు తాలూకాల్లో లేడు, అందులో సందేహం లేదు. వారానికి రెండుసార్లు, బుధవారం, శనివారం, ప్రొద్దుటూరులో చీకటితోనే మనుషులను ఎక్కించుకుని, ముద్దనూరు మీదుగా తీసుకుపోయి, కొండంతా చూపించి, మధ్యాహ్నానికి తిరిగి తేవాలి.

మొదటి రోజు పార్కు గేటు దగ్గర పచ్చచొక్కా వేసుకుని, మెడలో దుర్భిణి తగిలించుకుని నిలబడిన గైడును చూడగానే నూరుల్లా తల పక్కకు తిప్పుకున్నాడు. ఆ గైడు దేవపాలు. ఏసయ్య తమ్ముడు. అన్న పోయినప్పుడు ఇరవై ఏళ్లవాడు. ఊళ్లో మాటలు పడలేక ఫారెస్టులో వాచరుగా చేరి కొండ పట్టుకుని పోయాడని నూరుల్లా విన్నాడు గానీ ఇన్నేళ్లుగా ఎదురుపడలేదు.

"బాగుండావా అన్నా?" అన్నాడు దేవపాలు.

"ఉండాలే అప్పా" అన్నాడు నూరుల్లా.

ఆ రోజుకు అంతే మాట్లాడుకున్నారు.

ఆ మొదటి రోజే కొంప మునిగింది. జీపులో ప్రొద్దుటూరు బంగారు అంగళ్ల వాళ్లు ఏడుగురు ఉన్నారు. వాళ్లలో ధనలక్ష్మి అని అరవై ఏళ్లామె. ఫ్యాక్షను గొడవలు రేగిన రోజుల్లో షట్టరు దించిన అంగడి వెనకే సగం జీవితం గడిచిపోయిందని, కొండ అంటే కేలెండరులో చూడటమే తప్ప దగ్గరికి పోలేదని దారిపొడుగునా చెబుతూ వచ్చింది. ఆ చెట్టేంది, ఈ రాయి ఎందుకు ఎర్రగుంది, నెమలి యాడ పండుకుంటాది అని ఆమె అడిగే ప్రశ్నలకు దేవపాలు వెనక నిలబడి ఓపికగా జవాబు చెబుతున్నాడు. ఒక మలుపులో దుప్పుల మంద కనపడింది. దేవపాలు బండి ఆపమని కమ్మీ మీద రెండు తట్లు తట్టాడు.

జీపు ఎగిరింది. వెనక్కి చూడకుండా, గుంతనక మిట్టనక, రెండు మైళ్లు. దుప్పులు ఒకవైపు, జీపు ఒకవైపు. ధనలక్ష్మి ఒళ్లో ఉన్న ఉగ్గాని గిన్నె కొండకు నైవేద్యమైపోయింది. కేకలన్నీ ఒక్కటైపోయి జీపు ఎప్పటికో ఆగాక, ఆమె దిగి వచ్చి నూరుల్లా ముఖంలోకి చూసింది.

"ఏందయ్యా, నిన్నెవరన్నా తరుముతాండారా?"

నూరుల్లా స్టీరింగు పట్టుకునే ఉన్నాడు. చొక్కా చెమటతో తడిసిపోయింది. కాలు ఇంకా ఎక్సిలేటరు మీదే ఉంది. "రెండు తట్లు తట్టినారు గదమ్మా" అన్నాడు, అదేదో అందరికీ తెలిసిన సంగతి అయినట్టు.

దేవపాలుకు అర్థమైంది. పెద్దాయన జీపుల లెక్క అన్న దగ్గర విని ఉన్నాడు. ఫిర్యాదు వచ్చి రేంజరు పిలిపించి, ఇంకోసారి ఇట్లయితే ఇంకో జీపు చూసుకుంటామని నూరుల్లాను గద్దించినప్పుడు, తప్పు నాదే సార్, గుర్తు ముందుగా చెప్పలేదు అని దేవపాలే అడ్డుపడ్డాడు. మరుసటి బుధవారం ఒక నులకతాడు తెచ్చి, ఒక కొస నూరుల్లా ఎడమ జబ్బకు కట్టి, రెండో కొస తన చేతికి చుట్టుకున్నాడు.

"గుంజితే ఆపన్నా. తట్టను, అరవను. గుంజుతా, అంతే."

ఈ ఏర్పాటు చూసి ఊరు నవ్వింది. గైడు డ్రైవరును కోతిని ఆడించినట్టు ఆడిస్తున్నాడన్నారు. కానీ పనిచేసింది. తాడు గుంజితే జీపు ఆగేది, కాకపోతే సగమే ఆగేది. చక్రాలు నిలబడేవి, ఇంజను మాత్రం గియ్యిమంటూ గేరులోనే ఉండేది, నూరుల్లా కళ్లు దారి మీదా పొదల మీదా కల్వర్టు గోడల మీదా తిరుగుతూ ఉండేవి. మనుషుల కోసం. ఆ చప్పుడుకు జంతువులు పారిపోయేవి. వెనక కూర్చున్నవాళ్లకు తోకలూ పిరుదులూ కనపడేవి. నూరుల్లాకు అవి కూడా కనపడేవి కావు.

ఇంజను కట్టేయన్నా అని దేవపాలు ప్రతిసారీ బతిమాలేవాడు. "కట్టేసినాక మళ్లా స్టార్టు కాకపోతే?" అనేవాడు నూరుల్లా. కాకపోతే ఏమవుతుందో ఆయన చెప్పేవాడు కాదు, దేవపాలు అడిగేవాడు కాదు. ఒక్కసారి మాత్రం గేటు దగ్గర టీ తాగుతూ దేవపాలే ఆ మాట ఎత్తాడు.

"మా అన్న ఆ పొద్దు ఎందుకు ఆపినాడో నీకు తెలుసునా అన్నా? నువ్వు ముందర జీపులో ఉంటివి గదా."

నూరుల్లా టీ గ్లాసులోకే చూశాడు. "నాకు వెనక కనపడలేదప్పా" అన్నాడు. పన్నెండేళ్ల కింద పోలీసులకు చెప్పిన మాటే. ఆ రోజు ఇంటికి వచ్చి అన్నం తినలేదు. హసీనాకు విషయం తెలిసి ఉర్దూలో చీవాట్లు పెట్టింది. తమ్ముడు నోరు తెరిచి అడిగితే కూడా చెప్పలేకపోయావు, నీకు ఆ పెద్దాయన ఇంకా చావలేదు అంది. నూరుల్లా గోడవైపు తిరిగి పడుకున్నాడు. చెప్పడానికి ఏముంది? మేక అని చెప్పాలా? కాళ్లెత్తి నడిచే మేక అని చెబితే తమ్ముడు నమ్ముతాడా, తల్లి నమ్ముతుందా? తనే నమ్మడం లేదు.

ఇంకో సంగతి కూడా ఆయనకు వింతగా ఉండేది. వెనక కూర్చున్నవాళ్లు అదిగో, అబ్బా, చూడు చూడు అని గుసగుసలాడుతుంటే ఆ మాటలు చెవిన పడి పడి కుతూహలం పట్టుకుంది. ఎలుగొడ్డు చెట్టెక్కుతుందట. రేసుకుక్కలనే అడవికుక్కలు ఈల వేసి పిలుచుకుంటాయట. నాలుగు కొమ్ములుండే కొండగొర్రె ఒకటుందట, మగదానికే ఉంటాయట, నీళ్లకు దగ్గరలో ఒంటిగా తిరుగుతుందట, దేవపాలుకే ఏడాదికి రెండుసార్లు కనపడితే గొప్పట. నాలుగు కొమ్ములెందుకు? ముందు రెండూ దేనికి, వెనక రెండూ దేనికి? పదిహేనేళ్లు ఈ కొండల కింద తిరిగి కూడా నాకెందుకు తెలియలేదని నూరుల్లాకు తనమీద తనకే ఆశ్చర్యంగా ఉండేది. కొండను ఆయన ఎప్పుడూ కొండగా చూడలేదు, బాంబు పట్టుకుని మనిషి దాక్కునే చోటుగానే చూశాడు.

చలికాలం వచ్చిన ఒక శనివారం ధనలక్ష్మి మళ్లీ వచ్చింది. పోయినసారి దుమ్మే చూసినా, ఈసారి జంతువును చూడకుండా దిగను అని చెప్పి, వెనక కాదని నూరుల్లా పక్కన ముందు సీట్లో కూర్చుంది. ఆయన జబ్బకు కట్టిన తాడును వేలితో ముట్టుకుని చూసింది.

"ఇదేందయ్యా, మొలతాడు జబ్బకు కట్టుకున్నావు?"

"బ్రేకమ్మా" అన్నాడు నూరుల్లా. వెనక కూర్చున్నవాళ్లు నవ్వారు. నూరుల్లా కూడా కొంచెం నవ్వాడు.

ముద్దనూరు దాటాక ఆ పాత కల్వర్టు వచ్చింది. ప్రతిసారీ మాదిరే దానిమీద జీపు దూసుకుపోయింది. ధనలక్ష్మి ఏదో అడగబోయి, స్టీరింగు మీద బిగుసుకున్న ఆయన వేళ్లు చూసి ఊరుకుంది.

పార్కు లోపల పైకి ఎక్కే దారిలో ఒక చిన్న వాగు ఉంది. దానిమీద కల్వర్టు. రాత్రి మంచుకు రాళ్లు ఇంకా తడిగా ఉన్నాయి. జీపు కల్వర్టు మీదికి ఎక్కగానే జబ్బకున్న తాడు బిగిసింది.

ఎక్కడైనా సరే గానీ ఇక్కడ కాదు. నూరుల్లా కాలు ఎక్సిలేటరు వైపే పోయింది. తాడు మళ్లీ గుంజింది, ఈసారి గట్టిగా. పక్కన ధనలక్ష్మి ఆయన చేతిమీద చెయ్యి వేసి, పిల్లవాడికి చెప్పినట్టు మెల్లగా అంది. "ఎవురూ లేరు నాయనా. నేను చూస్తాండా గదా. ఆ ఇంజను కట్టేయ్."

ఎందుకు విన్నాడో ఆయనకే తెలియదు. పదిహేనేళ్లలో ఎవరూ ఆయనకు, నీ బదులు నేను చూస్తానులే అని చెప్పలేదు. బ్రేకు తొక్కాడు. తాళంచెవి తిప్పాడు. కల్వర్టు నడిమధ్యన జీపు నిలబడిపోయింది.

ముందు తన గుండె చప్పుడే వినపడింది. తర్వాత చల్లబడుతున్న ఇంజను టక్ టక్ మనడం. తర్వాత మెల్లమెల్లగా కొండ చప్పుడు మొదలైంది. రాతి సందులోంచి నీళ్లు కారుతున్నాయి. పేరు తెలియని పిట్ట ఒకటి, మళ్లీ మళ్లీ అదే కూత. కొండలో ఇన్ని చప్పుళ్లున్నాయని నూరుల్లాకు ఆ నిమిషం దాకా తెలియదు. చల్లగాలికి ఎండుగడ్డి వాసన వస్తోంది. ఆయనకు భయం వేస్తూనే ఉంది, బాగుందని కూడా అనిపిస్తోంది.

కుడిపక్క పొద కదిలింది. దాంట్లోంచి మేకంత జంతువు ఒకటి బయటికి వచ్చింది. ఎర్రమట్టి రంగు. ముందుకాళ్ల మీద నల్లటి గీత. చెవుల మధ్య బెత్తెడు కొమ్ములు రెండు, వాటి ముందర, కళ్లకు పైన, బొటనవేలి గోరంత బొడిపెలు ఇంకో రెండు. ధనలక్ష్మి ఊపిరి బిగబట్టి వేళ్లు ముడిచి లెక్కపెట్టుకుంది. ఒకటి, రెండు, మూడు, నాలుగు.

నూరుల్లా కొమ్ములు చూడటం లేదు. దాని కాళ్లు చూస్తున్నాడు.

అది ఒక కాలు ఎత్తింది. ఆగింది. తల వంచింది. కాలు దించి ఇంకో కాలు ఎత్తింది. ముళ్ల మీద నడిచినట్టు, జీపునూ మనుషులనూ లెక్కచేయకుండా, తన పాటికి తాను రోడ్డు దాటి నీళ్ల వైపు దిగిపోయింది. అదే నడక. పన్నెండేళ్లు సంతల్లో, మందల్లో, పండగ మేకల్లో వెతికిన నడక.

అది కనపడకుండా పోయాక నూరుల్లా జీపు దిగాడు. కల్వర్టు గోడమీద కూర్చున్నాడు. జబ్బకు తాడు అట్లే ఉంది, దాని రెండో కొస పట్టుకుని దేవపాలు కూడా దిగాడు.

"దీన్ని నేను చూసినా అప్పా" అన్నాడు నూరుల్లా.

"యాడ చూసినావన్నా? నువ్వు ఎప్పుడు ఆపితివి గనక?"

"అద్దంలో. మీ అన్న జీపు ముందర. ఇట్లే నడుచుకుంట దాటింది. దానికే ఆపినాడు. అమ్ముడుపోలేదు మీ అన్న. ఇది అడ్డమొస్తే ఆపినాడు, అంతే."

దేవపాలు ముఖంలో రక్తం లేదు. "పన్నెండేండ్లు" అన్నాడు. "పన్నెండేండ్లు ఈ మాట కడుపులో పెట్టుకోని ఉన్నావా? మా యమ్మను కొళాయి కాడ నానా మాటలూ అంటాంటే నువ్వు యాడ ఉంటివి?"

"రోడ్డు మీద ఉంటి" అన్నాడు నూరుల్లా. ఏడుస్తున్నాడు. యాభై ఏళ్ల మనిషి, జనం ముందర, మోచేత్తో ముఖం తుడుచుకుంటూ ఏడ్చాడు. "మేక అనుకుంటిని. మేక అంటే పెద్దాయన నగినాడు. ఇట్లాంటిది ఒకటి ఉండాదని నాకేం తెలుసప్పా? ఆ కొండల కిందనే తిరిగినా, ఒక్క తూరి ఆగి చూసింటే గదా."

దేవపాలు చేతిలోని తాడును విసిరికొట్టి కొంతదూరం పోయాడు. వాగులోకి చూస్తూ, వీపు ఇటు పెట్టి నిలబడ్డాడు. తిరిగి వచ్చినప్పుడు ఆయన కళ్లు కూడా ఎర్రగా ఉన్నాయి గానీ గొంతులో కోపం సగం దిగింది. "చిన్నప్పుడు కట్టెలకు పోతే మాయన్న దీని కోసరమే సందెపొద్దు దాకా కుచ్చునేటోడు. నన్ను గూడా కుచ్చోబెట్టేటోడు. నేను ఈ పనిలోకి వచ్చింది గూడా వాని పిచ్చి నాకు అంటుకోనే. అది అడ్డమొస్తే వాడు కల్వర్టు మీదయినా ఆపుతాడు, రైలు పట్టాల మీదయినా ఆపుతాడు."

ముందు సీట్లోంచి ధనలక్ష్మి అంది. "ఆ మాట ఈ కొండకు చెప్తే ఏం లాభమయ్యా? ఎవురికి చెప్పాల్నో వాళ్లకు చెప్పండి."

దేవపాలు నూరుల్లా జబ్బకున్న ముడి విప్పాడు. "రేపు ఆదివారం. గుడికి రా అన్నా. సాక్ష్యాలప్పుడు లేచి చెప్పు."

మిషన్ గుడిలో ఆదివారం పాటలయ్యాక, ప్రసంగానికి ముందు, సాక్ష్యాలకు కొంతసేపు ఇస్తారు. జబ్బు నయమైనవాళ్లు, పిల్లకు పని దొరికినవాళ్లు, ప్రమాదం తప్పినవాళ్లు లేచి దేవుడు తమకు చేసిన మేలు పదిమందిలో చెబుతారు. ముస్లిం ఒకాయన లేచి చెప్పడం మాత్రం ఆ గుడి ఎప్పుడూ చూడలేదు. పైగా పెద్దాయన ఊరివాళ్లు కూడా ఆ గుడికి వస్తారు. పెద్దాయన కొడుకు అప్పటికే రాబోయే ఎలక్షన్లకు జెండా సిద్ధం చేసుకుంటున్నాడు. గుడిలో పొద్దున అన్నమాట మధ్యాహ్నానికి ఆయన ఇంటికి చేరుతుంది. మీ నాయన చెప్పింది అబద్ధం అని అనడమే అది. ఇవన్నీ నూరుల్లా ఆ సాయంత్రం హసీనాకు చెప్పాడు. హసీనా పెట్టెలోంచి ఆయన తెల్లచొక్కా తీసి ఇస్త్రీకి ఇచ్చి వచ్చింది.

గుడిలో వెనక చాపమీద కూర్చున్నాడు. పాటలయ్యాయి. అయ్యగారు సాక్ష్యం చెప్పేవాళ్లెవరైనా ఉన్నారా అని అడిగారు. నూరుల్లా లేచి నిలబడ్డాడు. తలలన్నీ తిరిగాయి. ముందు వరసలో గంగమ్మ మాత్రం తిరగలేదు, ఆమెకు మెడ నొప్పి.

"నా పేరు నూరుల్లా" అన్నాడు. "గంగమ్మక్క కొడుకు ఏసయ్య, నేనూ ఒకే చోట బండి తోల్తిమి. ఆ పొద్దు వాడు ఎందుకు ఆపినాడో నేను చూసినా. చూడలేదని పోలీసోళ్లకు చెప్తి. అబద్ధం చెప్తి. ఏసయ్య అమ్ముడుపోలేదు. ఒక జంతువు అడ్డమొచ్చింది. నాలుగు కొమ్ములది. దాన్ని తొక్కలేక ఆపినాడు. ఈ మాట వాని పెట్టె కాడనే చెప్పల్ల. భయపడి చెప్పలేదు. నన్ను మన్నించక్కా."

మధ్య వరసలో ఇద్దరు ముగ్గురు తలలు దించుకున్నారు. అప్పుడు ముందు వరసలోంచి, ఇటు తిరగకుండానే, గంగమ్మ అడిగింది.

"ఎట్ల నడిచింది?"

"ఏందక్కా?"

"అది, ఎట్ల నడిచిందో చూపీ."

నూరుల్లా అటూ ఇటూ చూశాడు. చెప్పులు ఎప్పుడో బయట విడిచాడు. ఆడవాళ్ల చాపలకూ మగవాళ్ల చాపలకూ మధ్య ఉన్న సందులోకి వచ్చి, ఒక కాలు ఎత్తాడు. ఆగాడు. తల వంచాడు. కాలు దించి రెండో కాలు ఎత్తాడు. తెల్లచొక్కా వేసుకున్న ఆ లావుపాటి మనిషి అట్లా నడుస్తుంటే చిన్నపిల్లలు కిసుక్కుమన్నారు, తల్లులు వాళ్ల నోళ్లు మూశారు. ఆయన సిగ్గుపడలేదు. గుడి ఆ చివరినుంచి ఈ చివరిదాకా, గంగమ్మ ముందు నిలబడేదాకా, అదే నడక నడిచాడు.

గంగమ్మ ఆయన కాళ్లనే చూసింది. చూసి, కళ్లనీళ్లు తుడుచుకోకుండానే నవ్వింది. "చిన్నప్పుడు నా కొడుకు ఇంట్లో ఇట్లే నడిచి చూపెట్టేటోడు. కొండనుంచి కట్టెల మోపు దింపీ దింపకముందే" అంది. తర్వాత మెడ నొప్పిని లెక్కచేయకుండా, వెనక వరసల దాకా మొత్తం తిరిగి, అందరికీ వినపడేట్టు చెప్పింది. "ఆపుతాడు. నా కొడుకు ఆపుతాడప్పా."

ఆరాధన అయ్యాక గుడి ముందర పెద్దాయన ఊరివాళ్లు ఎవరిదారిన వాళ్లు పోయారు. ఒక ముసలాయన మాత్రం పోతూ పోతూ నూరుల్లా భుజం మీద చెయ్యి వేసి తీశాడు. రేపు ఏం జరుగుతుందో తెలియదు. గంగమ్మను ఇంటిదాకా దింపుదామని నూరుల్లా జీపు దగ్గరికి పోయి, ఎక్కి కూర్చుని, తలెత్తి చూస్తే ఎదురుగా గోడ ఉంది. పొద్దున ఏ ధ్యాసలో వచ్చాడో, జీపు మూతి గోడకు పెట్టి దిగేశాడు. తాళంచెవి కూడా జేబులోనే ఉంది.

వెనక్కి తీయాలి. గంగమ్మ పక్కసీట్లో కూర్చుంది. దేవపాలు జీపు వెనక్కి పోయి చెయ్యి ఊపాడు. నూరుల్లా రివర్సు గేరు వేసి, అద్దం సరిచేసుకుని, అందులోకి తేరిపార చూశాడు. అద్దం నిండా దేవపాలు ఉన్నాడు.

"రానీ అన్నా" అంటున్నాడు. "రానీ, రానీ. ఎవురూ లేరు. ఇంకా రానీ."